తొలినాటి ఫొటోల్లో చేతిలో ఏముంది? తరచుగా అడిగే ప్రశ్నలు

పందొమ్మిదో శతాబ్దపు ఫొటోలు చూసేవాళ్లు ముందు ముఖం చూస్తారు, తర్వాత బట్టలు. చేతుల దాకా చూపు వెళ్లేసరికి పేజీ తిప్పేస్తారు. నన్నడిగితే చేతుల దగ్గరే మొదలుపెట్టాలి. తల ఎటు తిప్పాలో, ఎటు చూడాలో ఫొటోగ్రాఫరు చెప్పేవాడు. చేతిలో ఏం ఉండాలన్నది మాత్రం చాలాసార్లు కూర్చున్న మనిషి ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చేవాడు. 1840 నుంచి 1880 దాకా యూరప్, అమెరికా స్టూడియోల్లో తీసిన పోర్ట్రెయిట్ల గురించి పదేపదే వచ్చే ప్రశ్నలు ఇవి.

తొలినాటి ఫొటోలు అంటే ఏవి?

నాలుగు రకాలు గుర్తుంచుకుంటే చాలు. మొదటిది డాగెరోటైప్. ఫ్రాన్స్‌లో లూయీ డాగేర్ కనిపెట్టిన ఈ పద్ధతిని 1839 ఆగస్టు 19న పారిస్‌లో అందరికీ వివరించారు. వెండిపూత ఉన్న రాగిరేకును బాగా మెరుగుపెట్టి, దానికి అయోడిన్ ఆవిరి పట్టించి కెమెరాలో పెట్టేవారు. తర్వాత పాదరసం ఆవిరితో బొమ్మను పైకి తేల్చేవారు. కాపీలు తీసుకోవడానికి వాడే నెగెటివ్ ఉండదు కాబట్టి ఒక రేకు, ఒక బొమ్మ, అంతే.

1850లలో గాజు మీద తీసే ఆంబ్రోటైప్, సన్నటి ఇనపరేకు మీద తీసే టిన్‌టైప్ వచ్చాయి. ఇవి చవక. నాలుగోది కార్ట్ ద విజిట్. పారిస్ ఫొటోగ్రాఫర్ దిస్దేరీ 1854లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. విజిటింగ్ కార్డంత అట్టమీద కాగితపు ప్రింటు అంటించి ఇస్తారు. ఒక నెగెటివ్ నుంచి ఎన్ని కాపీలైనా తీయొచ్చు.

ఈ తేడా మన విషయానికి చాలా ముఖ్యం. డాగెరోటైప్ చిన్న పెట్టెలో భద్రంగా ఇంట్లో ఉండేది, చూసేవాళ్లు అయినవాళ్లే. కార్డు ఫొటో పదిమంది చేతులు మారేది, బజార్లో అమ్మేవారు కూడా. ఇంట్లోవాళ్ల కోసం పట్టుకున్న వస్తువు వేరు, లోకానికి చూపించడానికి పట్టుకున్న వస్తువు వేరు.

అసలు చేతిలో ఏదో ఒకటి ఎందుకు పట్టుకునేవారు?

మొదటి కారణం చాలా మామూలుది. కెమెరా ముందు కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ అంతే కదా! పైగా అప్పట్లో కదలకుండా కూర్చోవాలి. చేతిలో పుస్తకమో కర్రో ఉంటే వేళ్లు ఒకచోట నిలుస్తాయి, బొమ్మ చెదరదు.

రెండోది చిత్రకళ నుంచి వచ్చిన అలవాటు. అంతకు ముందు కొన్ని వందల ఏళ్లుగా డబ్బున్నవాళ్లు తైలవర్ణ చిత్రాలు వేయించుకునేటప్పుడు ఉత్తరం, పుస్తకం, విసనకర్ర, చేతితొడుగులు పట్టుకుని నిలబడేవారు. వ్యాపారి పక్కన లెక్కల పుస్తకం, పండితుడి పక్కన భూగోళం ఉండేవి. ఫొటో రాగానే చెప్పులు కుట్టేవాడికి కూడా ఆ అవకాశం దొరికింది. 1850ల అమెరికాలో చవకరకం డాగెరోటైప్ 25 సెంట్లకే తీసిచ్చే స్టూడియోలు ఉండేవి. ఒక్క మసాచుసెట్స్ రాష్ట్రంలోనే 1855 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 4,03,626 డాగెరోటైప్‌లు తీసినట్టు ప్రభుత్వ లెక్క. చిత్రకారుడిని పెట్టుకునే స్తోమత లేని లక్షల మందికి జీవితంలో మొదటిసారి, చాలామందికి అదే ఆఖరిసారి కూడా, తమ బొమ్మ తీయించుకునే వీలు కలిగింది. ఒక్క ఫొటోలో తానెవరో చెప్పుకోవాలంటే ముఖం సరిపోదు. చేతికి పని చెప్పాల్సిందే.

కదలకుండా ఎంతసేపు కూర్చోవాలి?

1839లో అయితే పావుగంట దాకా కూడా పట్టేది, అందుకే మొదట్లో పోర్ట్రెయిట్లు కుదరవనే అనుకున్నారు. 1840లో వియన్నాకు చెందిన పెట్జ్‌వాల్ రూపొందించిన లెన్సు వచ్చింది, పాతవాటికంటే ఎన్నో రెట్లు వెలుతురు లోపలికి తెచ్చేది. అదే రోజుల్లో రేకుకు అయోడిన్‌తోపాటు బ్రోమిన్ ఆవిరి కూడా పట్టిస్తే త్వరగా పని అవుతుందని తెలిసింది. రెండేళ్లు తిరిగేసరికి మంచి వెలుతురులో నిమిషం కూడా అక్కర్లేకపోయింది. ఆ తర్వాత గాజు పలకల కాలంలో కొన్ని సెకన్లు.

కొన్ని సెకన్లే అయినా రెప్ప వాల్చకుండా, తల ఆడించకుండా ఉండటం తేలిక కాదు. అందుకే కుర్చీ వెనక ఇనప స్టాండు పెట్టి, దాని కొక్కెం తల వెనక ఆనించేవారు. నిలబడి తీయించుకున్న ఫొటోల్లో పాదాల వెనక ఆ స్టాండు అడుగుభాగం కనిపిస్తూ ఉంటుంది.

చేతిలో వస్తువు వాళ్లదేనా, స్టూడియోవాళ్లు ఇచ్చిందా?

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. నిజానికి చాలామంది దీన్ని వదిలేసి నేరుగా అర్థాల్లోకి దూకుతారు. ప్రతి స్టూడియోలోనూ బల్ల, బల్లమీద గుడ్డ, రెండు మూడు పుస్తకాలు, పూలకుండీ, కర్టెన్ ఉండేవి. కార్డు ఫొటోల రోజుల్లో అట్టతో చేసిన రాతిస్తంభాలు, తోట కటకటాలు కూడా చేరాయి. నిలువెత్తు బొమ్మ తీసేవారు కాబట్టి ఖాళీ నింపాలి కదా.

తేల్చుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. ఒకే స్టూడియో నుంచి వచ్చిన వేరువేరు మనుషుల ఫొటోల్లో అదే పుస్తకం, అదే కుండీ కనిపిస్తే అది స్టూడియోది. వస్తువు అరిగి ఉందా చూడండి. వాడి వాడి నున్నబడిన పిడి, మరకలున్న తోలు ఏప్రాన్, ఒకవైపు అరిగిన సుత్తి స్టూడియో బీరువాలో ఉండవు. అన్నిటికంటే నమ్మదగ్గది పట్టు. రోజూ రంపం పట్టేవాడు దాన్ని ఎలా పట్టుకోవాలో ఆలోచించడు. అరువు తెచ్చుకున్న కత్తిని పట్టుకున్నవాడి వేళ్లు ఎలా బిగుసుకుంటాయో చూస్తే తెలిసిపోతుంది.

అరువు వస్తువుకు అర్థం లేదని కాదు. నాలుగు వస్తువుల్లోంచి ఒకటి ఏరుకోవడం కూడా ఒక మాట చెప్పడమే. అయితే అది మెల్లగా చెప్పిన మాట, దాన్ని సాక్ష్యంగా వాడకూడదు.

పనిముట్లతో తీయించుకున్న ఫొటోలకు అంత విలువ ఎందుకు?

వీటిని వృత్తి పోర్ట్రెయిట్లు అంటారు. కమ్మరి, వడ్రంగి, మేదరి, గడియారాలు బాగుచేసేవాడు, కుట్టుమిషన్ ముందు కూర్చున్న మహిళ, ఇలా అందరూ ఉంటారు. కుట్టుమిషన్‌కు ఎలియాస్ హౌ 1846లో పేటెంట్ తీసుకున్నాడు. 1850ల ఫొటోలో ఒక మహిళ మిషన్‌తో సహా కూర్చుందంటే అప్పటికి ఆ యంత్రం అబ్బురమే. దాన్ని నడపడం తెలుసని చూపించుకోవడం ఆమెకు గర్వకారణం.

గమనించాల్సింది ఏమిటంటే, వీళ్లలో కొందరు పని బట్టల్లోనే వచ్చారు, కొందరు పెళ్లికి వెళ్లేవాళ్లలా కోటు తొడుక్కుని, చేతిలో మాత్రం పనిముట్టు పట్టుకున్నారు. నాకు రెండో రకం ఎక్కువ ఇష్టం. ఆ మనిషి తన పనినీ తన పరువునూ విడదీయడం లేదు.

1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికాక వేలమంది అక్కడికి పరుగెత్తారు. వాళ్లు పార, గునపం, బంగారం జల్లించే పళ్లెం పట్టుకుని, నడుముకు పిస్తోలు పెట్టుకుని ఫొటోలు దిగి తూర్పు రాష్ట్రాల్లో ఉన్న ఇంటికి పంపేవారు. గడ్డం మాసి ఉంటుంది, చొక్కా నలిగి ఉంటుంది, అది కావాలనే. క్షేమంగా ఉన్నాను, కష్టపడుతున్నాను అని రెండు ముక్కలూ అందులోనే ఉన్నాయి. బంగారం దొరికిందా లేదా అన్నది మాత్రం ఫొటో చెప్పదు.

చేతిలోని వస్తువును బట్టి మనిషిని గుర్తుపట్టిన సందర్భం ఉందా?

ఉంది, అంతకంటే గొప్ప ఉదాహరణ నాకు కనిపించలేదు. అమెరికాలో పాత ఫొటోలు సేకరించే ఒక జంట దగ్గర ఒక డాగెరోటైప్ ఉండేది. చక్కగా దుస్తులు వేసుకున్న యువకుడు, ఒక కన్ను మూసుకుపోయి ఉంటుంది, చేతిలో పొడవాటి ఇనపకడ్డీ. తిమింగలాలు వేటాడేవాడనీ, చేతిలో ఉన్నది హార్పూన్, అంటే తిమింగలాల మీదికి విసిరే ఈటె అనీ వాళ్లు చాలాకాలం అనుకున్నారు. 2007లో దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టారు. తిమింగలాల వేట గురించి తెలిసినవాళ్లు అది హార్పూన్ కాదన్నారు. ఆ తర్వాత మరొకరు, ఇతను ఫినియాస్ గేజ్ కావచ్చు అన్నారు.

గేజ్ కథ మెదడు గురించి చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. 1848 సెప్టెంబరు 13న వెర్మాంట్ రాష్ట్రంలో కావెండిష్ దగ్గర రైలుమార్గం కోసం బండలు పేలుస్తుంటే, పేలుడు మందు కూరే ఇనపకడ్డీ ఎగిరి అతని ఎడమ చెంప ఎముక కింద దూరి తల పైనుంచి బయటికి వచ్చింది. కడ్డీ పొడవు 3 అడుగుల 7 అంగుళాలు, బరువు 13 పౌండ్ల పైనే. అతను బతికాడు. ఎడమ కన్ను చూపు పోయింది. ఆ తర్వాత దాదాపు పన్నెండేళ్లు జీవించి, చిలీలో గుర్రబ్బండ్లు కూడా నడిపాడు. కడ్డీని మాత్రం జీవితాంతం వెంట పెట్టుకు తిరిగాడు.

ఆ కడ్డీ, గేజ్ కపాలం, అతను బతికుండగా తీసిన ముఖం అచ్చు ఇప్పటికీ హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన వారెన్ మ్యూజియంలో ఉన్నాయి. కడ్డీ మీద అతని కథ చెక్కి ఉంది. ఫొటోను పెద్దది చేసి చూస్తే చేతిలో కడ్డీమీద ఆ అక్షరాలు కనిపించాయి. ముఖం అచ్చుతోనూ మచ్చలు సరిపోయాయి. 2009లో ఈ సంగతి బయటపెట్టారు.

అంతదాకా పాఠ్యపుస్తకాల్లో గేజ్ అంటే ప్రమాదం తర్వాత చెడిపోయిన మనిషి. ఈ ఫొటోలో ఉన్నది తలెత్తుకుని కూర్చున్న అందగాడు. తన తలలోంచి దూసుకుపోయిన కడ్డీని చేతిలో పట్టుకున్నాడు, సైనికుడు తుపాకీ పట్టుకున్నట్టు. ఒక్క ఫొటోతో అతని చరిత్రంతా తిరగరాయక్కర్లేదు కానీ, ఆ కడ్డీని దాచుకోకుండా ముందుకు పెట్టింది అతనే అన్నది మర్చిపోకూడదు.

పుస్తకం పట్టుకుంటే చదువుకున్నవాళ్లు అనుకోవచ్చా?

తొందరపడకండి. స్టూడియోల్లో అన్నిటికంటే ఎక్కువగా చేతులు మారిన వస్తువు పుస్తకమే. వేలు మధ్యలో పెట్టి, ఇప్పుడే చదువుతూ తలెత్తినట్టు కూర్చోవడం అప్పటి ఫ్యాషన్. కవయిత్రి ఎమిలీ డికిన్సన్ పదహారేళ్ల వయసులో తీయించుకున్న డాగెరోటైప్‌లో పక్కన బల్లమీద పుస్తకం ఉంది. ఆమె కవి అవుతుందని ఆ ఫొటోగ్రాఫరుకు తెలియదు కదా. ఆ కాలపు ఇతర అమ్మాయిల ఫొటోల్లోనూ అలాంటి పుస్తకాలే ఉంటాయి.

ఇంకో తమాషా చూడండి. 1864 ఫిబ్రవరి 9న వాషింగ్టన్‌లోని మాథ్యూ బ్రేడీ స్టూడియోలో ఆంథొనీ బెర్గర్ అనే ఫొటోగ్రాఫరు అబ్రహాం లింకన్‌ను, ఆయన చిన్నకొడుకు టాడ్‌ను ఒక పెద్ద పుస్తకం చూస్తున్నట్టు తీశాడు. లింకన్ హత్య తర్వాత ఆ ఫొటో విపరీతంగా అమ్ముడుపోయింది. తండ్రి కొడుకుకు బైబిల్ చదివి వినిపిస్తున్నాడని జనం అనుకున్నారు. అది స్టూడియోలో ఉన్న ఫొటోల ఆల్బమ్.

కానీ పుస్తకం నిజంగానే పెద్ద మాట అయిన ఫొటోలు కూడా ఉన్నాయి. 1864లో చార్ల్స్ పాక్సన్ తీసిన ఒక కార్డు ఫొటోలో న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన, అంతకు ముందు బానిసలుగా ఉన్న నలుగురు, విల్సన్ అనే పెద్దాయన, ముగ్గురు పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. కింద 'చదువే సంపద' అన్న అర్థం వచ్చే మాట అచ్చు వేశారు. ఆ ఊరున్న లూసియానా రాష్ట్రంలో 1830 నుంచి బానిసలకు చదువు నేర్పడమే నేరం. విల్సన్ నుదుటి మీద పాత యజమాని పేరు అక్షరాలు కాల్చిన ముద్ర ఉండేది. అలాంటి మనిషి చేతిలో పుస్తకం అంటే అది అలంకారం కాదు. అలాంటి కార్డులు అమ్మగా వచ్చిన డబ్బు విముక్తి పొందినవాళ్ల బడులకు వెళ్లింది. ఆ ఫొటోను ఏర్పాటు చేసింది బానిసత్వాన్ని వ్యతిరేకించే ఉద్యమకారులే, ఏ పుస్తకం ఎవరి చేతిలో ఉండాలో వాళ్లే చెప్పి ఉండొచ్చు. అయినా ఆ పుస్తకాల బరువు తగ్గదు.

ఫొటోలో మనిషి ఇంకో ఫొటో పట్టుకుంటే దాని అర్థం ఏమిటి?

ఆ మనిషి ఇక్కడ ఉండాల్సింది, లేడు అని. చనిపోయి ఉండొచ్చు, దూరంగా ఉండొచ్చు, యుద్ధానికి వెళ్లి ఉండొచ్చు. ఏది అన్నది బట్టలు చూసి తెలుసుకోవాలి. నల్లటి శోకవస్త్రాలైతే అనుమానం లేదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య 1861-65లో జరిగిన అంతర్యుద్ధ కాలపు ఫొటో ఒకటి ఉంది. శోకవస్త్రాల్లో ఉన్న చిన్నపిల్ల, ఒళ్లో చట్రం కట్టిన తండ్రి ఫొటో. తండ్రి సైనిక యూనిఫాంలో ఉన్నాడు. ఆ పిల్ల పేరేమిటో ఎవరికీ తెలియదు.

ఇంగ్లండ్‌లో 1861 డిసెంబరులో విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ చనిపోయాక రాణి, పిల్లలు ఆయన పాలరాతి ప్రతిమతో ఫొటోలు తీయించుకున్నారు. రాణివాసం చేసింది కాబట్టి ఆ పద్ధతి ఇంకా పాకింది.

తన ఫొటోలో తానే ఇంకో ఫొటో పట్టుకోవడం కాకుండా, ఫొటోనే ఆఖరి వస్తువుగా పట్టుకున్న మనిషి కథ కూడా ఇక్కడ చెప్పాలి. అమెరికా అంతర్యుద్ధంలోనే 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక ఒక సైనికుడి శవం దొరికింది. పేరు, రెజిమెంటు తెలిపే గుర్తు ఏదీ లేదు. చేతిలో ముగ్గురు పిల్లల ఆంబ్రోటైప్ మాత్రం ఉంది. అప్పట్లో వార్తాపత్రికలు ఫొటోలు అచ్చువేయలేవు. అందుకే పిల్లల వయసులు, వేసుకున్న గౌన్ల గుడ్డ, ఎవరు ఎక్కడ కూర్చున్నారు అన్నవి మాటల్లో వర్ణించి పత్రికల్లో వేశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్‌లో ఒకామె ఆ వర్ణన తెలుసుకుని, అవి తన పిల్లలే అని గుర్తుపట్టింది. ఆ సైనికుడి పేరు ఆమోస్ హ్యూమిస్టన్. ఆ పిల్లల ఫొటో కాపీలు కార్డులుగా అమ్మి, గెటిస్‌బర్గ్‌లో సైనికుల అనాథ పిల్లల కోసం ఒక ఆశ్రమం పెట్టడానికి ఆ డబ్బు వాడారు.

పువ్వులకు రహస్య అర్థాలు ఉండేవా?

పువ్వుకో అర్థం చెప్పే చిన్న పుస్తకాలు ఆ రోజుల్లో బాగా అమ్ముడుపోయేవి, నిజమే. కానీ ఒక పుస్తకంలో ఉన్న అర్థం ఇంకోదానిలో ఉండదు. పైగా నలుపు తెలుపు బొమ్మలో పువ్వు ఏదో గుర్తుపట్టడమే కష్టం. చిన్నపిల్లలకూ, చనిపోయినవాళ్లకూ, పెళ్లికూతుళ్లకూ అందరికీ పువ్వులే ఇచ్చేవారు. వీటిమీద ఎక్కువ టైమ్ పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

కొన్ని ఫొటోల్లో వస్తువులు ఎడమ చేతిలో ఎందుకు ఉంటాయి? అందరూ ఎడంచేతివాటమా?

కాదు. డాగెరోటైప్, టిన్‌టైప్ నేరుగా పాజిటివ్ బొమ్మలు. నెగెటివ్ నుంచి మళ్లీ తిప్పి అచ్చు తీయరు కాబట్టి కుడి ఎడమైపోతుంది. మనం అద్దంలో చూసుకున్నప్పుడు ఎలా కనిపిస్తామో అలా. ఉంగరం వేరే చేతికి మారుతుంది, కోటు బొత్తాలు రెండోవైపుకు వెళతాయి, పత్రిక అక్షరాలు తిరగబడతాయి. దీన్ని సరిచేయడానికి కొందరు ఫొటోగ్రాఫర్లు లెన్సు ముందు అద్దమో పట్టకమో పెట్టేవారు. కానీ దానివల్ల వెలుతురు తగ్గి ఇంకాస్త ఎక్కువసేపు కూర్చోబెట్టాలి, అందుకే చాలామంది ఆ బాధ పడలేదు. ఫినియాస్ గేజ్ డాగెరోటైప్‌లో కూడా మూసుకుపోయింది కుడి కన్నులా కనిపిస్తుంది.

ఈ చిన్న సంగతి తెలియక ఒక పెద్ద పుకారు పుట్టింది. అమెరికా పడమటి ప్రాంతాల్లో తిరిగిన బందిపోటు బిల్లీ ద కిడ్‌కు నిర్ధారితమైన ఫొటో ఒకటే, 1880 ప్రాంతంలో తీసిన టిన్‌టైప్. దానిలో పిస్తోలు ఎడమవైపు కనిపిస్తుంది. దాంతో అతను ఎడంచేతివాటం అని ఏళ్ల తరబడి కథలు అల్లారు. నిలబడి పట్టుకున్న వించెస్టర్ తుపాకీయే దీనికి జవాబు చెప్పింది. ఆ తుపాకీలో తూటాలు ఎక్కించే ద్వారం కుడివైపు మాత్రమే ఉంటుంది, ఫొటోలో అది ఎడమవైపు ఉంది. అంటే బొమ్మ తిరగబడింది, మనిషి మామూలుగానే కుడిచేత్తో కాల్చేవాడు. ఆ చిన్న ఇనపరేకు 2011 వేలంలో 23 లక్షల డాలర్లకు పోయింది.

సైనికుల చేతుల్లో ఉన్న ఆయుధాలన్నీ వాళ్లవేనా?

అన్నీ కావు. అమెరికా అంతర్యుద్ధం 1861లో మొదలైనప్పుడు కొత్తగా చేరిన కుర్రాళ్లు యూనిఫాం రాగానే స్టూడియోకు పరుగెత్తేవారు. పిస్తోళ్లు, పెద్ద కత్తులు స్టూడియోల్లోనే అరువు దొరికేవి. ఒక మామూలు సిపాయి రెండు పిస్తోళ్లు, ఒక బారెడు కత్తి, ఒక తుపాకీ అన్నీ ఒకేసారి పట్టుకుని కనిపిస్తే నవ్వు వస్తుంది. కానీ ఆ ఫొటో అమ్మకు పంపడానికి తీసింది. నెలల తరబడి నడిచాక తీసిన ఫొటోల్లో ఆ హంగామా ఉండదు.

బెల్టు బకిల్ మీద యు.ఎస్. అన్న అక్షరాలు ఎస్.యు. అని తిరగబడి కనిపిస్తే, అది పైన చెప్పిన తారుమారే. కొందరు ఈ సంగతి ముందే తెలుసుకుని కత్తి, తూటాల సంచీ రెండోవైపుకు తగిలించుకునేవారు, ఫొటోలో సరిగ్గా పడాలని.

చిన్నపిల్లలకు ఏం ఇచ్చేవారు?

వాళ్లను కదలకుండా ఉంచేది ఏదైనా. బొమ్మ, బంతి, చిన్న కొరడా, తిప్పుకునే చక్రం. ఆ కాలంలో నాలుగైదేళ్లదాకా మగపిల్లలకు కూడా గౌన్లే వేసేవారు. అందుకే ఆడపిల్లో మగపిల్లాడో తేల్చడానికి చేతిలో వస్తువు, జుట్టు పాపిడి చూస్తారు. పాపిడి పక్కకు ఉంటే చాలావరకు మగపిల్లాడు, నడిమి పాపిడి అయితే ఆడపిల్ల. ఇది కచ్చితమైన లెక్క కాదు.

మరీ పసివాళ్లయితే తల్లి దుప్పటి కప్పుకుని కుర్చీలా కూర్చుని ఒళ్లో పెట్టుకునేది. ఫొటోకు చట్రం వేశాక ఆమె కనిపించదని ఉద్దేశం. చట్రం తీసి చూస్తే దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి పిల్లను పట్టుకుని ఉంటుంది.

చనిపోయినవాళ్లను నిలబెట్టి ఫొటో తీసేవారంటారు, నిజమేనా?

చనిపోయినవాళ్ల ఫొటోలు తీసేవారన్నది నిజం. ముఖ్యంగా చిన్నపిల్లల విషయంలో, బతికుండగా ఫొటో తీయించే అవకాశం రాకపోతే, అదొక్కటే ఆధారం. వాళ్లను మంచంమీదో సోఫామీదో నిద్రపోతున్నట్టు పడుకోబెట్టి, చేతిలో పువ్వో బొమ్మో పెట్టేవారు.

నిలబెట్టి తీసేవారన్నది మాత్రం వట్టి మాట. పైన చెప్పిన ఇనప స్టాండు కనిపించిన ప్రతి ఫొటోనూ శవం ఫొటో అని ఇంటర్నెట్‌లో చెబుతారు. ఆ స్టాండు తల కదలకుండా ఆపడానికే, ఒక శరీరం బరువును మోయలేదు. కళ్లు తేలిపోయినట్టు కనిపిస్తే కూడా చాలాసార్లు కారణం రెప్ప ఆడటమో, లేత నీలికళ్లు ఆ కాలపు రసాయనాలకు మరీ తెల్లగా పడటమో.

చేతిలో ఏమీ పట్టుకోనివాళ్లు?

ఏమీ వద్దనుకోవడం కూడా ఒక నిర్ణయమే. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి దేశమంతా ప్రసంగాలు చేసిన ఫ్రెడరిక్ డగ్లస్ పంతొమ్మిదో శతాబ్దంలో అందరికంటే ఎక్కువగా ఫొటోలు తీయించుకున్న అమెరికన్. 160 దాకా ఫొటోలు దొరికాయి. ఫొటోల శక్తి గురించి ఆయన ప్రత్యేకంగా ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు. దాదాపు ఆ ఫొటోలన్నిటిలోనూ మంచి కోటు, నేరుగా గుచ్చినట్టు చూసే చూపు, అంతే. నల్లజాతివాళ్లను ఎగతాళి బొమ్మలుగా గీసే రోజుల్లో ఆయనకు కావలసింది ముఖమే. వస్తువు పెడితే చూపు దానిమీదకు పోతుంది.

సొజర్నర్ ట్రూత్ దారి వేరు. ఆమె కూడా బానిసగా పుట్టింది, చదువు రాదు. 1864లో ఆమె తన కార్డు ఫొటోలు తానే అమ్ముకుని ప్రసంగాల ఖర్చు భరించింది. వాటిమీద కాపీరైటు ఆమె పేరునే ఉంది. నీడను అమ్మి శరీరాన్ని నిలబెట్టుకుంటున్నాను అన్న అర్థంలో ఒక వాక్యం కింద అచ్చు వేయించింది. చేతుల్లో నూలు, అల్లిక సూదులు. పక్కన బల్లమీద పూలకుండీ, ఒక పుస్తకం. ఆ పుస్తకం స్టూడియోది కావొచ్చు, అల్లిక మాత్రం ఆమె ఎంపికే అని నా నమ్మకం. వేదికలెక్కి ఉరిమే స్త్రీ, ఇంటి పని తెలిసిన గౌరవనీయురాలు కూడా అని ఆ సూదులు చెబుతున్నాయి. ఇంకో ఫొటోలో, 1863లో తీసిన దానిలో, ఆమె ఒళ్లో మనవడి ఫొటో ఉంది. ఆ కుర్రాడు నల్లజాతి సైనికులతో ఏర్పడిన 54వ మసాచుసెట్స్ రెజిమెంటులో చేరాడు.

ఇక చెయ్యే వస్తువైన ఫొటో ఒకటుంది. బానిసలను తప్పించబోయి పట్టుబడిన జోనాథన్ వాకర్ అనే ఓడ కెప్టెన్ అరచేతిలో 1844లో ఫ్లోరిడాలో 'బానిసల దొంగ' అనే అర్థంలో రెండు అక్షరాలు కాల్చి ముద్ర వేశారు. 1845లో బోస్టన్‌లో సౌత్‌వర్త్, హాస్ స్టూడియో ఆ అరచేతిని మాత్రమే డాగెరోటైప్ తీసింది. ముఖం లేదు, పేరు లేదు. అవమానించడానికి వేసిన ముద్రను అతను పతకంలా చూపించాడు.

ఉంగరాలు, గొలుసులు బంగారంలా మెరుస్తాయి, అది ఎలా?

ఫొటోకు రంగు లేకపోయినా, స్టూడియోలో ఒకరు సన్నటి కుంచెతో బంగారు రంగు చుక్కలు పెట్టేవారు, బుగ్గలకు కాస్త గులాబి పొడి అద్దేవారు. దానికి వేరే డబ్బు తీసుకునేవారు. కాబట్టి ఉంగరం మెరుస్తుందంటే, దాన్ని చూడాలని ఎవరో అడిగి డబ్బు ఇచ్చారని అర్థం.

మా దగ్గర ఇలాంటి పాత ఫొటో ఉంది. ఏం చూడాలి, ఎలా దాచాలి?

ముందు అది ఏ రకమో చూడండి. కోణం మార్చితే బొమ్మ మాయమై అద్దంలా మీ ముఖమే కనిపిస్తే డాగెరోటైప్. అయస్కాంతం పట్టేసుకుంటే టిన్‌టైప్, కానీ అయస్కాంతాన్ని వెనకనుంచి మాత్రమే, మెల్లగా దగ్గరికి తీసుకెళ్లండి. అట్టమీద కాగితమైతే వెనక స్టూడియో పేరు, ఊరు ఉంటాయి, ముందూ వెనకా రెండూ స్కాన్ చేయండి. అమెరికా కార్డుల వెనక పన్ను స్టాంపు అంటించి ఉంటే తేదీ తేలికగా తెలుస్తుంది, ఎందుకంటే 1864 సెప్టెంబరు నుంచి 1866 ఆగస్టు ఒకటో తేదీ దాకా మాత్రమే ఫొటోల మీద ఆ పన్ను ఉంది.

తర్వాత చేతులను పెద్దవి చేసి చూడండి. బొత్తాలు ఏ వైపు ఉన్నాయో చూస్తే బొమ్మ తిరగబడిందో లేదో తెలుస్తుంది. వస్తువు మీద అక్షరాలుంటే స్కాన్‌ను అద్దంలోలా తిప్పి చదవండి. అదే స్టూడియోవాళ్ల ఇతర ఫొటోలు ఆన్‌లైన్‌లో వెతికి, ఆ వస్తువు ఇంకెక్కడైనా ఉందేమో పోల్చండి.

డాగెరోటైప్ రేకును మాత్రం గుడ్డతో తుడవకండి. బొమ్మ వెండి మీద సన్నటి పొడిలా నిలిచి ఉంటుంది, ఒక్కసారి రాస్తే ముఖమే పోతుంది. పైన ఉన్న గాజు మసకబారినా పెట్టె విప్పకండి. ఆ పని పాత ఫొటోలు బాగుచేసే నిపుణులకు వదిలేయండి.